చెరసాల గుమ్మము విడువని దొరసానమ్మ: ఆన్ జడ్సన్ గారి జీవితము

బర్మా దేశానికి వెళ్లిన జడ్సన్ గారి పేరు మన బాప్తిస్టు సంఘాలలో తెలియనివారు అరుదు. ఆయన బైబిలును బర్మా భాషలోకి తెచ్చారని, చెరసాలలో సంకెళ్లు మోశారని మన సండేస్కూలు పిల్లలు సైతము చెబుతారు. కాని ఆ చెర కాలములో బయట నిలిచి, ఆయన ప్రాణము కోసము దినదినము అధికారుల గడపలు ఎక్కి దిగిన ఆయన భార్య ఆన్ గారి సంగతి మనము అంతగా చెప్పుకోము. ఈ సంచికలో ఆ దొరసానమ్మగారి జీవితమును మేము మీ ముందుంచుతున్నాము.

పరదేశములో ఒకడు పట్టుబడితే మొదట అడిగే ప్రశ్న, వీడు ఏ దేశపు మనిషి అని. అపొస్తలుడైన పౌలు పుట్టుకకు యూదుడు, హక్కుకు రోమీయుడు. యెరూషలేము కోటలో కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమీయుడనని చెప్పుకొని ఆ దెబ్బలు తప్పించుకొన్న సంగతి అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో చదువుతాము. జడ్సన్ గారికి కూడా చెప్పుకొనేందుకు ఒక దేశము ఉంది. అయితే ఆ దేశము పేరు చెప్పితే గుర్తించేవారు ఆవా నగరములో లేకపోయారు. తనది కాని దేశమును ఆయనకు అంటగట్టి, ఆ దేశపు వేగులవాడని చెరలో వేశారు. ఆన్ గారి పోరాటమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ జరిగింది.

బాల్యము, పిలుపు

ఆన్ హాసెల్టైన్ గారు 1789 డిసెంబరు 22న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించారు. చదువు ఆ ఊరి అకాడమీలోనే సాగింది. చిన్నతనములో ఆటపాటలు, విందులు అంటే ఎంతో ఇష్టపడేవారు. 1806లో, పదహారేండ్ల ప్రాయములో, ఆమె మారుమనస్సు పొందారు. తరువాత కొంతకాలము బడిపంతులమ్మగా పనిచేశారు. 1810లో అదోనీరాం జడ్సన్ అనే యువకుడు, మరికొందరు విద్యార్థులు, తమను విదేశాలకు మిషనెరీలుగా పంపుమని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన సంఘాల కూటమికి మనవి చేసుకొన్నారు. అక్కడ ఆయన ఆన్ గారిని చూశారు. 1812 ఫిబ్రవరి 5న వారి వివాహము జరిగింది. అదే నెల 19న కారవాన్ అనే ఓడలో సేలం రేవు నుండి కలకత్తాకు బయలుదేరారు. ఆ కాలములో ఒక అమెరికా స్త్రీ అంత దూరము సువార్త కోసము వెళ్లడమనేది ఎవరూ కని విని ఎరుగని సంగతి.

ఓడ ప్రయాణములో జడ్సన్ గారు బాప్తిస్మమును గూర్చి లేఖనములు శోధించడము మొదలుపెట్టారు. ఆన్ గారు మొదట దానిని ఒప్పుకోలేదు. తరువాత తానుగా శోధించి, విశ్వసించినవారికే ముంచుట ద్వారా బాప్తిస్మమియ్యవలెనని ఒప్పుకొన్నారు. 1812 సెప్టెంబరు 6న కలకత్తాలోని లాల్ బజారు మందిరములో శ్రీరాంపురపు వార్డు గారి చేత ఇద్దరూ బాప్తిస్మము పొందారు. ఈ కబురు అమెరికా చేరినప్పుడు అక్కడి బాప్తిస్టులు కదిలి, 1814లో ఫిలడెల్ఫియాలో కూడి ఒక మిషనెరీ మహాసభను స్థాపించారు. ఆ సభ వారే తరువాత మన తెలుగువారి మధ్యకు కూడా పనివారిని పంపారు. కావున లాల్ బజారులో జరిగిన ఆ బాప్తిస్మము మనకు పరాయి కథ కాదు.

మొదట అమెరికావారని అనుమానము

కలకత్తాలో వారికి సుఖము దొరకలేదు. ఈస్టిండియా కంపెనీవారికి మిషనెరీలు ఇష్టము లేదు. దానికి తోడు, వారి ఓడ 1812 జూన్ 17న వచ్చిన మరునాడే అమెరికా ఇంగ్లండుపై యుద్ధము ప్రకటించింది. ఆ వార్త తరువాత కలకత్తాకు చేరింది. అలా వారు శత్రుదేశపు మనుషులు అయిపోయారు. దేశము విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. మారిషస్ దీవికి వెళ్లారు. అక్కడ నుండి 1813 జూన్‌లో మద్రాసుకు వచ్చారు. మద్రాసులో నిలిస్తే తిరిగి పట్టి పంపివేస్తారనే భయము. ఆ సమయములో రేవు విడిచి వెళ్లే ఓడ జార్జియానా అనేది ఒకటి దొరికింది. అది రంగూనుకు పోయేది. వేరే దారి లేక దానిలో ఎక్కి, 1813 జూలై 13న రంగూను చేరారు. ఆ ప్రయాణములోనే ఆన్ గారి మొదటి బిడ్డ మృతశిశువుగా పుట్టింది.

మద్రాసులోను, దాని చుట్టుపట్ల నివసించే మన తెలుగు సంఘాలవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. మన సముద్రతీరములోనే ఈ దంపతులు నిలువ నీడ లేక నిలబడ్డారు.

రంగూనులో వారు బర్మా భాష నేర్చుకొన్నారు. ఇంటి పని, నౌకరులతో మాటలు, బజారు వ్యవహారము చూసుకొనడము వలన ఆన్ గారికి వాడుక మాట త్వరగా పట్టుబడింది. 1815లో పుట్టిన కుమారుడు రోజర్ ఎనిమిది నెలలకే చనిపోయాడు. ఆరేండ్లు కష్టపడగా 1819 జూన్ 27న మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మము పొందాడు. ఆన్ గారు స్త్రీలకు బోధించారు, ప్రశ్నోత్తరి రాశారు. రంగూనులో ఉన్న సయాం దేశస్థుల కోసము వారి భాష కూడా నేర్చుకొని మత్తయి సువార్తను అనువదించారు. 1821లో ఆరోగ్యము చెడి, కలకత్తా, ఇంగ్లండు మీదుగా అమెరికా వెళ్లి, అక్కడ సంఘాలను రేపి, 1823 డిసెంబరులో తిరిగి వచ్చారు. వెంటనే దంపతులిద్దరూ రాజధాని అయిన ఆవాకు ప్రయాణమై 1824 జనవరిలో అక్కడ చేరారు.

తరువాత ఇంగ్లీషువారని అనుమానము

1824 మార్చిలో ఇంగ్లీషువారు బర్మాపై యుద్ధము ప్రకటించారు. మే నెలలో రంగూను వారి చేతికి చిక్కింది. ఆ వార్త ఆవాకు రాగానే అక్కడున్న ముగ్గురు ఇంగ్లీషువారిని పట్టుకొన్నారు. అందులో గౌజర్ అనే వర్తకుని లెక్కల పుస్తకములో జడ్సన్ గారికి, ఆయన తోటి మిషనెరీ వైద్యుడు ప్రైస్ గారికి సొమ్ము ఇచ్చినట్టు కనబడింది. జరిగినది ఇంతే. అమెరికా సంఘాలు పంపిన డబ్బు బెంగాలుకు వచ్చేది. బెంగాలు మీద చీటి రాసి ఇచ్చి, ఆవాలో గౌజర్ వద్ద రొక్కము తీసుకొనేవారు. మన వర్తకులు హుండీ రాయడము వంటిదే. బర్మా అధికారులకు ఈ పద్ధతి తెలియదు. ఇంగ్లీషువాని చేతి డబ్బు తిన్నవాడు ఇంగ్లీషువాని వేగులవాడే అని తీర్మానించారు. మాట ఇంగ్లీషు, రంగు తెలుపు, డబ్బు బెంగాలుది. అమెరికా అనే వేరొక దేశమున్నదని చెప్పితే ఎవరికి ఎక్కుతుంది? పన్నెండేండ్ల క్రితము అమెరికావారని కలకత్తా నుండి వెళ్లగొట్టబడినవారు, ఇప్పుడు ఇంగ్లీషువారని ఆవాలో పట్టుబడ్డారు.

1824 జూన్ 8న భోజన వేళ ఒక అధికారి పరివారముతో ఇంటిలోకి వచ్చాడు. వెంట తలారి ఉన్నాడు. జడ్సన్ గారిని నేల మీద పడవేసి తాళ్లతో కట్టి తీసుకొనిపోయారు. మరణశిక్ష పొందేవారిని ఉంచే చెరసాలలో మూడు జతల ఇనుప సంకెళ్లు వేశారు. రాత్రులలో ఖైదీల కాళ్ల మధ్య పొడుగు వెదురుగడ దూర్చి పైకి లేపి కట్టేవారు. భుజాలు, తల మాత్రమే నేలకు ఆనేవి.

ఆన్ గారిని మొదట ఇంటిలోనే కాపలాలో ఉంచారు. ఆమె ముందుగా చేసిన పని, తమ ఉత్తరాలన్నిటిని కాల్చివేయడము. వాటిలో దోషమేమీ లేదు. అయినా ఇంగ్లండులోని స్నేహితులకు రాసినవి, దేశములో జరిగే సంగతులు చెప్పినవి. అనుమానపు కళ్లకు అవే సాక్ష్యము అవుతాయని ఆమె ఎరుగుదురు. కొంత వెండిని, చిన్న సామానును దాచిపెట్టారు. యుద్ధము చాలాకాలము సాగితే ఆకలితో చావవలసి వస్తుందని అలా చేశారు. జడ్సన్ గారి చేతి రాతలో ఉన్న బర్మా క్రొత్త నిబంధన ప్రతిని భూమిలో పాతిపెట్టారు. తరువాత అది తడికి పాడవుతుందని దిండులో కుట్టి చెరసాలకు పంపారు. ఎవరూ ఆశించకూడదని ఆ దిండు గట్టిగా, మోటుగా కుట్టారు.

ఏడు నెలల అర్జీలు

నగరాధికారికి కానుక తీసుకొని వచ్చేందుకు సెలవు ఇమ్మని ఆమె కబురు పంపారు. ఆయన ఆమె మాట విని, తన క్రింది ఉద్యోగితో మాట్లాడుకొమ్మన్నాడు. ఆ ఉద్యోగి 200 తికాలు వెండి, మేలురకపు గుడ్డలు అడిగాడు. వెండి చెల్లించి, తన వద్ద లేని గుడ్డలను వదిలిపెట్టుమని బతిమాలారు. ఆ తరువాత జడ్సన్ గారు చెరసాల గుమ్మము వరకు పాకుతూ వచ్చారు. మాట పూర్తికాకుండానే కావలివారు ఆమెను వెళ్లగొట్టారు. అయితే ఆ సాయంత్రమే ఖైదీలను లోపలి చీకటి కొట్టు నుండి ఆవరణలోని పాకలోకి మార్చారు. అర్జీకి దొరికిన మొదటి ఫలము అదే.

పిమ్మట ఆమె రాణిగారి సోదరుని భార్య వద్దకు వెళ్లారు. తన భర్త అమెరికావాడని, యుద్ధముతో ఆయనకు సంబంధము లేదని, మతబోధకుడు మాత్రమేనని చెప్పారు. ఆయన సంగతి మిగతా తెల్లవారి సంగతి వంటిదే, అందరికీ ఒకటే జరుగుతుందని జవాబు వచ్చింది. మళ్లీ వెళ్లారు. ఖైదీలు చావరు, ఉన్నచోటనే ఉంటారని రాణి సెలవిచ్చినట్టు చెప్పారు. ఆన్ గారు ఆ మాటతో కూర్చోలేదు. తరువాతి ఏడు నెలలలో దాదాపు ప్రతిదినము ఎవరో ఒక అధికారి ఇంటికో, రాజకుటుంబీకుల ఇంటికో వెళ్లారు. సేనాధిపతి బందూలకు కూడా అర్జీ పెట్టించారు. రంగూను తిరిగి గెలిచి వచ్చిన తరువాత విడిపిస్తాడని జవాబు వచ్చింది. ఆయన 1825 ఏప్రిల్ 1న యుద్ధములో చనిపోయాడు.

ఆమె ఇంటి నుండి చెరసాలకు రెండు మైళ్లు. కాలినడకన వెళ్లి, చీకటి పడిన తరువాత తిరిగి వచ్చేవారు. ఆ దేశస్థులకు గౌరవముగా తోచేలా బర్మా స్త్రీల వస్త్రములు ధరించారు. ఖైదీలకు ప్రభుత్వము అన్నము పెట్టేది కాదు. బయటవారు తెస్తేనే తిండి. నగరాధికారి ముసలివాడు. ఆయన ఇంటికి తరచుగా వెళ్లి, అమెరికా దేశపు ఆచారాలు, పరిపాలన ఎలా ఉంటాయో చెప్పేవారు. ఆయనకు ఆ మాటలు ఇష్టమయ్యాయి. క్రమముగా ఆమె యందు ఆయనకు కూతురి మీద ఉండేటి కనికరము కలిగింది. ఆయన సెలవుతోనే చెరసాల ఆవరణలో జడ్సన్ గారికి ఒక చిన్న వెదురు గది కట్టించారు.

1825 జనవరి 26న ఆమెకు కుమార్తె పుట్టింది. పేరు మరియ. ఇరువది దినముల తరువాత పసిబిడ్డను ఎత్తుకొని చెరసాలకు వెళ్లారు. కొద్ది వారాలకే కష్టము ఎక్కువయింది. ఖైదీలను తిరిగి లోపలి కొట్టులో వేసి, ఐదు జతల సంకెళ్లు వేశారు. ఆన్ గారు నగరాధికారి వద్దకు పరుగెత్తి, ఇన్నాళ్ల స్నేహము గుర్తుచేసి నిలదీశారు. ఆ ముసలాయన ఏడ్చాడు. తెల్ల ఖైదీలనందరినీ రహస్యముగా చంపించుమని తనకు మూడుసార్లు ఆజ్ఞ వచ్చిందని, తాను చేయలేదని, మిగతావారిని చంపవలసి వచ్చినా ఆమె భర్తను మాత్రము చంపనని చెప్పాడు. ఇంతకంటె మేలు తనను అడుగవద్దన్నాడు. పాఠకులారా, ఏడు నెలల అర్జీలు ఎక్కడికి పోయాయో ఇక్కడ తెలుస్తున్నది. ఏ కాగితము మీద ఉత్తరువు రాలేదు. ఒక మనిషి హృదయములో మాత్రము చోటు దొరికింది.

ఆ చెరలో ఒక సింహము కూడా ఉండేది. రాజుకు కానుకగా వచ్చినది. ఇంగ్లీషువారి జెండా మీద సింహము ఉందని విని, దానిని కూడా అనుమానించి ఆకలితో చంపారు. జడ్సన్ గారు జ్వరముతో ఉండగా ఆ ఖాళీ బోనులో పడుకొనేందుకు సెలవు దొరికింది. నోరులేని మృగమును కూడా ఏ దేశముదని అడిగిన కాలమది.

ఔంగ్‌పెన్‌లా

1825 మే నెలలో ఒక దినము నగరాధికారి తన గడియారము గూర్చి ఏదో అడగాలని ఆన్ గారిని పిలిపించాడు. అది సాకు. ఆ సమయములో ఖైదీలను ఇద్దరిద్దరిని కలిపి కట్టి, చెప్పులు లేకుండా, ఎండలో అమరపురము వైపు నడిపించారు. ఒక గ్రీకు ఖైదీ ఆ నడకతోనే చనిపోయాడు. జడ్సన్ గారి పాదములు చర్మము ఊడిపోయాయి. గౌజర్ గారి బెంగాలీ సేవకుడు తన తలపాగా చింపి, సగము యజమానునికి, సగము జడ్సన్ గారికి ఇచ్చాడు.

ఆన్ గారు మూడు నెలల బిడ్డతో, తాము పెంచుకొనే ఇద్దరు బర్మా బాలికలతో, వంట చేసే బెంగాలీ నౌకరుతో వెంట వెళ్లారు. ఔంగ్‌పెన్‌లా అనే పల్లెలో పైకప్పు లేని పాడుపడిన చెరసాల ముందు భర్తను చూశారు. కావలివాని ఇంటిలో సగము ధాన్యము నిండిన గదిలో ఆరు నెలలు కాపురము చేశారు. బాలికలలో ఒకతెకు మశూచి వచ్చింది. తరువాత ఆన్ గారే జబ్బుపడి పాలు లేకపోయాయి. కావలివారికి కానుకలిచ్చి, జడ్సన్ గారు సంకెళ్లతోనే బిడ్డను ఎత్తుకొని పల్లెలో తిరిగి, పసిబిడ్డలున్న తల్లులను పాలు అడిగేవారు. బర్మా తల్లులు ఇచ్చారు. ఆ బెంగాలీ వంటవాడు తన కులము మాట మరచి, నీళ్లు, కట్టెలు మోసి, జీతము అడగకుండా ఆ కుటుంబమును కాచాడు. ఈ మేలు చేసినవారి పేర్లు చాలావరకు చరిత్రలో లేవు. ప్రభువుకు తెలుసు.

విడుదల ఎలా వచ్చింది

1825 నవంబరులో జడ్సన్ గారిని సంధి మాటలకు దుబాసీగా సైన్యపు పాళెమునకు పంపారు. డిసెంబరు చివర తిరిగి తెచ్చి మళ్లీ చెరలో ఉంచారు. ఆన్ గారు ఆవాలో జ్వరముతో చావుబతుకుల మధ్య ఉన్నారు. విశ్వాసియైన మౌంగ్ ఇంగ్ అనే సహోదరుని ద్వారా నగరాధికారికి కడపటిసారి మనవి పంపారు. ఆయన జడ్సన్ గారికి తానే జామీను నిలిచి విడిపించి తన ఇంట ఉంచాడు. ఇది ఆమె అర్జీల ఫలము.

పూర్తి విడుదల మాత్రము ఫిరంగుల బలముతో వచ్చిందని దాచనక్కరలేదు. ఇంగ్లీషు సేనాధిపతి కాంప్‌బెల్ గారు సంధి షరతులలో జడ్సన్ కుటుంబమును కూడా అప్పగించమన్నారు. అప్పుడు రాజు ఏమన్నాడో చూడండి. వీరు ఇంగ్లీషువారు కారట, తన మనుషులట, కావున పంపడట. ఇంగ్లీషువారని చెరలో వేసిన ఏలికయే, విడువవలసిన వేళ ఇంగ్లీషువారు కారన్నాడు. చివరకు 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి జరిగింది. మార్చి నెలలో ఒక వెన్నెల రాత్రి వారు ఐరావతి నదిపై పడవలలో స్వేచ్ఛగా సాగిపోయారు. తాము ఇంగ్లీషువారము కామని రెండేండ్లు చెప్పుకొన్నవారు, ఇంగ్లీషువారి పాళెములోనే ఆశ్రయము పొందారు.

ఆ క్రొత్త నిబంధన సంగతి? ఖైదీలను తరలించిన నాడు దోపిడి చేసినవారు దిండు గలేబు లాగుకొని, లోపలి దూదిముద్దను పారవేశారు. మౌంగ్ ఇంగ్ దానిని గురుతుగా ఏరి దాచుకొన్నాడు. నెలల తరువాత విప్పి చూస్తే ప్రతి చెడకుండా ఉంది. జడ్సన్ గారు 1834లో బర్మా బైబిలు అనువాదము ముగించారు.

ఆన్ గారు ఆ దినము చూడలేదు. 1826 జూలైలో వారు అమ్హర్స్ట్ అనే కొత్త పట్టణము చేరారు. వర్తక ఒడంబడికలో మతస్వేచ్ఛ దొరుకుతుందేమోనని జడ్సన్ గారు ఇంగ్లీషు రాయబారముతో ఆవాకు వెళ్లారు. ఆ షరతు దొరకలేదు. ఆయన లేని సమయములో, 1826 అక్టోబరు 24న, ముప్పదియారేండ్ల వయస్సులో ఆన్ గారు జ్వరముతో ప్రభువునందు నిద్రించారు. భర్త చెర గుమ్మమును విడువని ఆమె మంచము వద్ద భర్త లేకపోయారు. 1827 ఏప్రిల్ 24న చిన్నారి మరియ కూడా తల్లి వెంట వెళ్లింది.

మనకు చెందిన మాట

ఒరిస్సాలో సేవచేసిన ఆమోస్ సట్టన్ గారు 1835లో అమెరికా వెళ్లి తెలుగువారి కొరకు పనివారిని పంపుమని అక్కడి బాప్తిస్టులను వేడుకొన్నారు. ఆయన భార్య, బర్మాలో జడ్సన్ దంపతులతో పనిచేసి మరణించిన కోల్మన్ గారి విధవరాలు. మరుసటి ఏడు శామ్యూల్ డే గారు వచ్చారు. 1840లో నెల్లూరు మిషను నిలిచింది. మన తట్టునుండి కూడా ఎందరో బర్మాకు కూలికి వెళ్లారు. యానాము ప్రక్కనున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కినందున అక్కడ తెలుగువారందరికీ కోరంగీలనే పేరు పడింది. తాతల ఊరు ఒకటి, బ్రతుకు ఊరు మరొకటి అయిన మనకు, నీవు ఎవరి మనిషివి అనే ప్రశ్న కొత్తది కాదు.

నేడు మన బిడ్డలు గల్ఫు దేశాలకు, దూరదేశాలకు వెళ్తున్నారు. లోకములో కొందరు రెండు దేశాల పౌరసత్వము గలవారు కూడా ఉన్నారు. అట్టివారు పుట్టిన దేశములో పట్టుబడితే, రెండవ దేశము మాట అక్కడివారు చాలాసార్లు చెవిని పెట్టరు. ఒక కాగితమే లేనివారికి, రెండు కాగితాలు ఉన్నవారికి కూడా చెరలో ఒంటరితనము ఒకటే. అలాంటి ఇల్లు మన సంఘములో ఉంటే, ఆ తల్లిని, ఆ భార్యను కచేరీల చుట్టూ ఒంటరిగా తిరగనీయవద్దు. అర్జీ రాయగలవారు రాయండి. తోడు వెళ్లగలవారు వెళ్లండి. చెరనున్నవాని పేరు ప్రతి ఆదివారము ప్రార్థనలో ఎత్తండి. నెలలు గడిచి, ఏమీ జరగడము లేదని జనము మరచిపోయినప్పుడే ఆ పేరు ఎక్కువగా ఎత్తవలెను.

లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలు న్యాయాధిపతిని విసుగక అడిగింది. ఆన్ గారు అలాగే అడిగారు. ఆమె అర్జీలు చెర తలుపును తెరువలేదు గాని, తలుపు తెరుచుకొన్న నాడు బయటికి నడిచి రావడానికి ఒక మనిషి బ్రతికి ఉండేలా చేశాయి. బంధకములలో ఉన్నవారిని వారితో కూడ బంధింపబడినట్టే తలంచు మనస్సును ప్రభువు మన సంఘాలన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.